ఊరంతటికీ ఒక్క టీవీ, మనిషికో ఫోన్

ఈరోజు మనం పెద్ద అంబర్‌పేట్‌లో ఉన్నాం. విజయవాడ హైవే, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోటు. ఇక్కడ బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఎవరిని చూసినా చేతిలో ఫోనే. అందులో పాఠాలూ ఉంటాయి, రీల్సూ ఉంటాయి. పిల్లలకు ఫోన్ ఇవ్వాలా వద్దా అని ఇళ్లల్లో రోజూ గొడవే. కానీ తెర మీద చదువు చెప్పడం మనకు కొత్తేమీ కాదండీ, 50 ఏళ్ల కింద మొదలైంది.

1975 ఆగస్టు 1. అప్పటికి రంగారెడ్డి జిల్లా లేదు, అది 1978లో వచ్చింది. ఈ ఊరు అప్పుడు హైదరాబాద్ జిల్లాలోదే. ఆ రోజు 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించింది. మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తమాషా ఏంటంటే, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో గానీ ప్రారంభం కాలేదు. అంటే పట్నం కంటే ముందు పల్లెలు టీవీ చూశాయన్నమాట!

ఊరికి ఒక్కటే సెట్టు. బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో పెట్టేవారు. బయట జాలీతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెనా. పొద్దున పిల్లలకు ఇరవై రెండున్నర నిమిషాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కొంత వినోదం. ఆపేది, పెట్టేది ఇంకొకరు. చూసేవాళ్ల చేతిలో రిమోట్ లేదు.

మరి పిల్లలకు ఏం వచ్చింది? తర్వాత చేసిన అధ్యయనాల్లో భాష మెరుగైందనీ, కొత్త విషయాలు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగిందనీ తేలింది. బడికొచ్చేవాళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. నాకు ఇంతకన్నా ముఖ్యంగా కనిపించేది టీచర్ల శిక్షణ. సైన్సు ఎలా చెప్పాలో వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు నేర్పారు. టీవీ పెట్టేసి ఊరుకోలేదు. దాంతోపాటు రేడియో, అచ్చు పుస్తకాలు, చేతులతో చేసి చూసే ప్రయోగాలు, పక్కనే ఉండి చెప్పే మనిషి, అన్నీ కలిపారు. 1976 జూలై 31తో ఆ ఏడాది అయిపోయింది.

ఇక 2020కి వద్దాం. కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మళ్లీ అదే ఉపగ్రహం, అదే టీవీ! కాకపోతే ఈసారి చూసేది ఎవరింట్లో వాళ్లు. లైవ్ క్లాసు ఫోన్‌లో అయితే నాన్న డ్యూటీకి పోతూ దాన్ని పట్టుకుపోయేవాడు, ఇద్దరు పిల్లలుంటే ఒకరికే పాఠం. సందేహం వస్తే అడగడానికి పక్కన టీచర్ లేరు. ఆ లోటును ఇంకా మంచి ఫోన్ కొని పూడ్చొచ్చని మనం అనుకున్నాం, ఇప్పటికీ అనుకుంటున్నాం. 1975లో బీదరికం వల్ల ఊరంతా ఒకే తెర ముందు కూర్చుంది, నిజమే. కానీ చూసింది అందరూ కలిసే, కాబట్టి దాని గురించి మాట్లాడుకోవడానికి మనుషులు అక్కడే ఉన్నారు. మన ఇళ్లల్లో ఫోన్ పాఠం అయ్యాక పిల్లల్ని "ఏం చెప్పారు రా?" అని అడిగేవాళ్లు ఎందరు?

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దాని కథ వచ్చే ఎపిసోడ్‌లో.