పడు, పోవు, పుట్ ఆఫ్ - గిడుగువారి దారిలో

ఇంగ్లీషు నేర్చుకొనే మన పిల్లలను పొడవాటి మాటల కన్నా పొట్టి మాటలే ఎక్కువ తికమక పెడతాయి. 'పుట్' అంటే పెట్టడమని మొదటి తరగతిలోనే చెబుతారు. తరువాత 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అవుట్' అంటే ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం అంటారు. వీటిలో పెట్టడం ఎక్కడుంది? పరదేశులకు ఇవి కొరుకుడుపడవని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే వ్రాశాడు. వీటికి 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తెచ్చిన పుస్తకంతో వ్యాప్తికి వచ్చింది.

ఈ చిక్కుకు మా ప్రాంతపు చరిత్రలోనే ఒక సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. టెక్కలి, పలాస, ఉద్దానం 1936 వరకు పర్లాకిమిడితో పాటు గంజాం జిల్లాలోనివే. 1900లో నౌపడా నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు కూడా వచ్చింది. ఆ పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయులుగా చేరినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొరకు, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో చెప్పే తెలుగుకూ పొంతన ఎందుకు లేదో అర్థం కాలేదు. పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గురజాడ, గిడుగుల వద్దకు చేరింది. గిడుగువారు హెన్రీ స్వీట్ వంటి భాషావేత్తల గ్రంథాలు చదివి, బ్రతికి ఉన్న భాషను వాడుకలోని వాక్యాల నుండే నేర్వాలని నిశ్చయించారు. సవర భాషను వారు సవరల నోటి నుండి విని నేర్చుకున్నారు. 1931 నాటి సవర వ్యాకరణం, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆ శ్రమకు ఫలాలు.

ఈ దృష్టితో చూస్తే యేట్స్ దొరకు తెలుగు క్రియలూ ఇంతే వింతగా తోచి ఉండాలి. కనపడు, ఇష్టపడు, కష్టపడు - వీటిలో పడేది ఏమిటి? 'చనిపోయాడు' అన్నప్పుడు పోయినది ఎక్కడికి? మనం ఏ పట్టికా బట్టీ పట్టకుండానే వీటిని నేర్చాము. ఇంగ్లీషువారి 'ఈట్ అప్', 'యూజ్ అప్'లలోని 'అప్' పైకి అని చెప్పదు, పూర్తి అయిందని చెబుతుంది. మన 'తినేశాడు', 'వాడేశాడు'లలోని 'వేయు' చేసే పని దాదాపు అదే.

ఇక వాక్యంలో చూద్దాము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను కూల్చివేసింది. ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే గాలి చెట్లను 'బ్లో డౌన్' చేసింది, ఊళ్ళు 'కట్ ఆఫ్' అయ్యాయి, రైళ్ళను 'కాల్ ఆఫ్' చేశారు అంటాము. ఇలా ఒక కథలో వచ్చిన మాట మనసులో నిలుస్తుంది. మాటల వరుస కూడా అక్కడే పట్టుబడుతుంది. 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ ఒప్పే. కాని 'ఇట్' వస్తే 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి, 'పుట్ ఆఫ్ ఇట్' కుదరదు. 'లుక్ ఆఫ్టర్' దగ్గర దీనికి విరుద్ధం, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అన్నదే సరి. సూత్రం చదివి మరచిపోయేవారు కూడా పది వాక్యాలు వింటే తప్పరు.

ఉద్దానం నుండి బ్రతుకుతెరువుకై దూరదేశాలకు పోయే యువకులకు ఇంగ్లీషు అలంకారం కాదు, అన్నం. వారి చేతికి అర్థాల పట్టికలు మాత్రమే ఇచ్చి పంపడం అన్యాయం. వంద సంవత్సరాల క్రితం తెలుగుకై గిడుగువారు అడిగినది - జీవద్భాషను జీవద్భాషగా నేర్పమని - ఇంగ్లీషు పాఠానికీ వర్తిస్తుంది.

'పడు', 'పోవు' వంటి వింత కూర్పులు మీ సీమల పలుకుబడిలో మరేవైనా ఉంటే తెలుపగలరు.