తెడ్లు ఒడ్డున వదిలిన రాత్రి

ఆగరా, ఆ చెక్క మంటలో వెయ్యకు. ఇలా పట్రా. పాత మంచం కోళ్ళు, విరిగిన తడికలు ఎన్ని కావాలంటే అన్ని వేసుకోండి, భోగి మంటే కదా. ఇదొక్కటీ నా దగ్గర ఉండనీ.

వేలు పెట్టి చూడు, రెండు గుండ్రటి గుంటలు తగులుతున్నాయా? ఇంజిను బిగించే మరల నొక్కులవి. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే బిగించాను, ఇక్కడే విప్పాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు పడవ ముక్కలైపోయింది. మూడో రోజు ఇసకలో ఈ వెనక చెక్క ఒక్కటే దొరికింది. అందుకే దాచుకున్నాను.

ఇంజిను కొన్నది 1988లో. అప్పటికే ఒకరు వాడేసినది. దాని ముందు మాకు తెప్పే, తెరచాపే. గాలి ఉంటే వేట, లేకపోతే తెడ్డు. ఇంజిను వచ్చాక భీమిలి ఒడ్డున తెరచాపలు చేపలు ఎండబెట్టుకునే పరదాలైపోయాయి. నేనైతే తెడ్లు కూడా ఇంటి దగ్గరే వదిలేసేవాణ్ణి. పడవలో అడ్డమని. ఇంజినుంటే ఇంకేం కావాలనుకునే వయసు.

ఆ ఇంజినుకి రెండు ట్యాంకులు. చిన్నదాంట్లో పెట్రోలు, పెద్దదాంట్లో కిరసనాయిలు. అప్పట్లో రేషన్‌లో నీలం రంగు కిరసనాయిలు ఇచ్చేవారు, అదే పోసేవాళ్ళం. పెట్రోలుతో స్టార్టు చెయ్యాలి, కాస్త వేడెక్కాక నూనె మార్చే కాకు తిప్పి కిరసనాయిలు మీదికి మార్చాలి. ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకి తిప్పి రెండు నిమిషాలు నడిపించాలి. లేకపోతే కార్బరేటర్ నిండా కిరసనాయిలే నిలిచిపోతుంది. చల్లారిన ఇంజినులో అది అంటుకోదు. ఈ సంగతి మా చిన్నాన్న నాకు వందసార్లు చెప్పుంటాడు.

ఒక ఏడు, ఇదే పుష్యమాసం. పొద్దు గుంకే వేళకి పదిహేను బారల నీళ్ళలోకి వెళ్ళాం, నేనూ చిన్నాన్నా మా బావా. చేపలు ఎగురుతున్నాయి. ఆ సంబరంలో వల వెయ్యాలన్న తొందరే తప్ప కాకు మాటే గుర్తు రాలేదు. టక్కున ఇంజిను ఆపేశాను. తెల్లవారుజామున వల లాగితే కానాగడతలు. ఆ వెండి మెరుపు చూస్తే చలి కూడా పోయింది. ఇక ఇంటికే అనుకుని తాడు లాగాను. లేదు. మళ్ళీ లాగాను. లేదు. చోక్ వేసి లాగాను, తీసి లాగాను. నలభైసార్లు లాగానేమో, చివరికి తాడే తెగి చేతికొచ్చింది.

రాత్రిపూట గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది, తెలుసుగా. పడవ నెమ్మదిగా బయటికి పోతోంది. యారాడ కొండ మీది దీపం మసకబారుతోంది. తెడ్లు లేవు. నా గుండె నోట్లోకి వచ్చింది.

చిన్నాన్న ఇంజిను వైపైనా చూడలేదు. "ముందు లంగరెయ్యరా" అన్నాడు. అది నేను ఈనాటికీ మర్చిపోలేదు. ఇంజిను ఆగితే చెయ్యాల్సిన మొదటి పని ఇంజిను దగ్గర లేదు. లంగరు పట్టిందని తాడు చేత్తో పట్టుకుని చూసుకున్నాకే ఆయన మూత తీశాడు.

ప్లగ్గు విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నల్లగా, తడిగా ఉంది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. లుంగీ కొసతో తుడిచి, చుట్టూ కారిన నూనె కూడా తుడిపించి, ప్లగ్గుని తీగకి తగిలించి, రంధ్రానికి దూరంగా ఇంజిను ఇనుముకి ఆనించి పట్టుకున్నాడు. తెగిన తాడుకి ముడివేసి ఫ్లైవీల్ గాడిలో ఇరికించి, చుట్టూ చుట్టి లాగమన్నాడు. లాగాను. చీకట్లో సన్నటి నీలం నిప్పు, చిట్ మంది. "చీకటి మనకి మేలే చేసింది, పగలైతే ఇది కనపడేది కాదు. కరెంటు బాగుంది. ఇక ఆ జోలికి పోకు" అన్నాడు. ఒకటి బాగుందని తేలితే దాన్ని వదిలెయ్యాలి. అన్నీ ఒకేసారి విప్పేసేవాడు ఒడ్డుకి రాలేడు.

తర్వాత కార్బరేటర్ అడుగున మర వదులు చేసి, టీ గ్లాసు పట్టాడు. కారింది కిరసనాయిలు. గ్లాసు దీపానికి ఎత్తి చూపించాడు. అడుగున పూసల్లా రెండు నీటి చుక్కలు, నూనెలో కలవకుండా దొర్లుతున్నాయి. "డబ్బాలో అడుగంటా పోశావు కదూ?" అన్నాడు. అవును, పోశాను. నూనె కింద నీళ్ళు చేరతాయి. అడుగున నాలుగు వేళ్ళు వదిలెయ్యాలి, గుడ్డతో వడకట్టాలి. ఇదీ వందసార్లు విన్నదే.

ఇక పెట్రోలు రావాలి. అడుగు మర బిగించి, కాకు పెట్రోలుకి తిప్పి, పైపు మధ్య ఉండే రబ్బరు బల్బు నొక్కాను. నొక్కింది నొక్కినట్టే చప్పిడిగా ఉండిపోయింది, ఉబ్బలేదు. చిన్నాన్న చెయ్యి నేరుగా పెట్రోలు ట్యాంకు మూత మీదికెళ్ళింది. గాలి మర బిగించే ఉంది. ఇంటి నుంచి మోసుకొచ్చేటప్పుడు ఒలక్కుండా బిగించాను, విప్పడం మర్చిపోయాను. సాయంత్రం పెట్రోలు మీద నడిచింది కాసేపే కాబట్టి తెలియలేదు. మర తిప్పగానే ట్యాంకు ఊపిరి పీల్చుకుంది, సుస్స్ మని. బల్బు ఉబ్బింది, నాలుగుసార్లు నొక్కితే గట్టిపడింది.

ప్లగ్గు బిగించి తాడు చుట్టి లాగాను. మూడో లాగుకి అంటుకుంది. బావ గంగమ్మకి దండం పెట్టాడు. నేనైతే ఏడ్చాను.

చిన్నాన్న మాత్రం వంగి ఇంజిను వెనక చూస్తున్నాడు. మీరు ఇప్పుడు కూడా అంటారే, ఇంజిను ఉచ్చ పోస్తోందా అని, ఆ సన్నటి నీటి ధార. రావడం లేదు. ఒడ్డున ఇసకలోకి తోసేటప్పుడు ఆ రంధ్రం పూడిపోతుంది. సన్నటి ఇనప తీగతో పొడిచాడు. ఇసక రాలి ధార పడింది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. అప్పుడు గాని కిరసనాయిలుకి తిప్పనివ్వలేదు. పొడిచినా ధార రాకపోతే లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు అరిగి ఉండొచ్చు. అలాంటి ఇంజిను నడపకూడదు, పట్టేస్తుంది. పొద్దు పొడిచేసరికి పావురాళ్ళకొండ కనిపించింది.

ఆ ఇంజిను నాకు ఇంకో పాఠం కూడా చెప్పింది, అది డబ్బుతో. గోస్తనీ మొగ దగ్గర ఇసక మేట తగిలి ఫ్యాను పిన్ను విరిగింది. విరగడమే దాని పని, లోపలి గేర్లు బతకాలని. నా దగ్గర వేరే పిన్ను లేక ఉక్కు మేకు కోసి దూర్చాను. వారం తిరక్కుండా మళ్ళీ మేట తగిలింది. మేకు విరగలేదు, గేరు పళ్ళు రాలాయి. ఆ ఏడు చేసిన వేటంతా గేర్లకే పోయింది.

ఇప్పటి ఇంజిన్లు వేరు తాతా అంటావు. నిజమే, వాటిలో చాలా సంగతులు నాకు తెలియవు. కానీ నూనె, గాలి, నిప్పు, చల్లబరిచే నీళ్ళు ఈ నాలుగూ లేకుండా ఇలాంటి ఏ ఇంజినూ ఎక్కువసేపు నడవదు. ఆ రాత్రి పాడైంది కూడా ఇంజిను కాదు. కాకు, నీటి చుక్క, గాలి మర, ఇసక. మూడు నా మతిమరుపు, ఒకటి ఒడ్డు తీరు.

ఆ పొద్దున ఒడ్డుకి చేరాక చిన్నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. చేపలు బుట్టలకెత్తాక ఇంటికెళ్ళి తెడ్లు రెండూ భుజాన వేసుకొచ్చాడు. పడవలో పెట్టి, నైలాను తాడుతో తానే కట్టాడు. హుద్‌హుద్ దాకా ఆ తెడ్లు పడవ దిగలేదు.

రేపు సంక్రాంతి, ఎల్లుండి కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు, నువ్వూ కదలకు. ఆ మర్నాడు కొత్త ఇంజినుతో వెళ్తున్నావు కదా. రెండు ప్లగ్గులు, నాలుగు పిన్నులు, వేరే తాడు, సన్నటి ఇనప తీగ ఒక డబ్బాలో వేసి ఉంచాను, తీసుకెళ్ళు. తెడ్లు పెరట్లో గోడకి ఆనించి ఉన్నాయి. అవి ముందు పడవలో పెట్టు, ఇంజిను తర్వాత బిగిద్దువు గాని.