అభ్యాసం కూసు విద్య: సర్జన్ల దేశాంతర ప్రయాణాలు

మన సభల్లో ఏ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నా పక్కన ఒక డాక్టరుగారు ఉంటారు. మాబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళం రాకముందే వాళ్ళు ఇక్కడ స్థిరపడి గుళ్ళు కట్టారు, సంఘాలు పెట్టారు. తానా తొలి అధ్యక్షులు కాకర్ల సుబ్బారావుగారు రేడియాలజిస్టు. వీళ్ళంతా డాలర్ల కోసమే వచ్చారని తేలిగ్గా అనేస్తుంటాం. సర్జన్ల చరిత్ర తిరగేస్తే మాత్రం ఇంకో కారణం కనిపిస్తుంది. అది చేతికి పని దొరకడం.

అభ్యాసం కూసు విద్య అన్నారు మన పెద్దలు. మా ప్రోగ్రాములో తప్పొస్తే మర్నాడు దిద్దుకుంటాం. కత్తి పెట్టాక ఆ వెసులుబాటు లేదు. అందుకే కేసులూ, దగ్గరుండి నేర్పే గురువులూ ఎక్కడుంటే సర్జరీ విద్యార్థి అక్కడికి వెళ్తాడు.

ఒకప్పుడు అమెరికన్లే అలా వెళ్ళారు. విలియం హాల్‌స్టెడ్ 1878 నుంచి 1880 వరకు వియన్నాలో, జర్మనీ నగరాల్లో తిరిగి సర్జరీ నేర్చుకున్నారు. అక్కడ చూసిన పద్ధతినే మార్చి, 1889లో తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ప్రవేశపెట్టారు. నేటి అమెరికా సర్జరీ రెసిడెన్సీకి అదే మూలం.

అదే కాలంలో లండన్ నుంచి హైదరాబాదుకూ నేర్చుకోవడానికి వచ్చారంటే మీరు నమ్ముతారా? రోగికి మత్తు ఇవ్వడంలో క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో అక్కడ రెండు పరిశోధక సంఘాలు నడిపారు. ఖర్చు నిజాంది. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు స్వయంగా వచ్చారు. ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ 1909లో ఎడిన్‌బరో వెళ్ళి చదువుకున్నారు. మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఆమె ఒకరు.

తర్వాత ప్రయాణం ఒకవైపే సాగింది. నా చిన్నప్పుడు గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ హోం బోర్డు మీద ఎఫ్ఆర్‌సీఎస్ అని కనిపిస్తే ఆ డాక్టరుగారి దగ్గర క్యూ పెద్దదిగా ఉండేది. 1948లో మొదలైన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవకు డాక్టర్లు కావాలి, మనవాళ్ళకు శిక్షణ కావాలి. అయితే సర్జరీలో మంచి పోస్టులు ఎక్కువగా అక్కడివాళ్ళకే దక్కేవి. మనవాళ్ళలో చాలామంది వృద్ధుల వార్డుల్లోనో, మానసిక వైద్యంలోనో తేలారు. 1975లో భారతీయ డిగ్రీలకు నేరుగా ఇచ్చే గుర్తింపును కూడా బ్రిటన్ తీసేసింది.

ఈలోగా 1965 చట్టంతో అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడ సర్జరీలో అప్పట్లో పిరమిడ్ పద్ధతి ఉండేది. మొదటి ఏడు చాలామందిని చేర్చుకుని, ఏటా కొందరిని తప్పిస్తూ, చివరికి కొద్దిమందినే పూర్తి సర్జన్లుగా బయటికి పంపేవారు. రాత్రి డ్యూటీలన్నీ చేసి, మధ్యలోనే వేరే విభాగానికి మారిన విదేశీ డాక్టర్లు ఎందరో. 1976 చట్టం విదేశీ డాక్టర్ల రాకను మరింత బిగించింది.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. ఇక్కడే పుట్టి సర్జరీ రెసిడెన్సీ చేస్తున్న మా అక్క కొడుకు ఈమధ్య నన్ను అడిగాడు: "మామయ్యా, ఇండియాలో ఏదైనా పెద్దాసుపత్రిలో రెండు నెలలు పనిచేయాలని ఉంది. నీకెవరైనా తెలుసా?" వాడిలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడ పిత్తాశయం ఆపరేషన్లు దాదాపు అన్నీ లాప్రోస్కోపీతోనే చేస్తారు, పొట్ట కోసి చేసేవి అరుదయ్యాయి. 2003 నుంచి రెసిడెంట్లకు వారానికి 80 గంటల పరిమితి ఉంది. 2011లో అమెరికా సర్జరీ బోర్డు విదేశాల్లో చేసిన శిక్షణను కూడా లెక్కలోకి తీసుకోవడానికి ఒప్పుకుంది.

సంతోషమే. కానీ ఒక్క మాట ఆలోచించాలి. మన అబ్బాయి అక్కడికి వెళ్తే, వైద్య మండలి తాత్కాలిక అనుమతి తీసుకుని చేయి కలపగలడు. అక్కడి పీజీ విద్యార్థి ఇక్కడికొస్తే? లైసెన్సు లేదు కనుక అబ్జర్వరుగా చేతులు కట్టుకుని నిలబడాలి. పైగా మనవాడు చేసే ప్రతి ఆపరేషనూ అక్కడి పీజీ చేయాల్సిందే అయి ఉండొచ్చు. బల్ల మీద పడుకున్న పేదవాడు ఎవరి అభ్యాసానికీ వస్తువు కాడు. లాన్సెట్ కమిషన్ 2015లో చెప్పిన ప్రకారం ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, ఖర్చు భరించగలిగే శస్త్రచికిత్స అందుబాటులో లేదు. వాళ్ళకు కావలసింది రెండు నెలల అతిథులు కాదు, అక్కడే ఉండే సర్జన్లు.

వెళ్ళొద్దని నేను అనను. కాకర్లవారు నేర్చిన విద్యతో తిరిగి వెళ్ళి హైదరాబాద్ నిమ్స్‌ను నడిపారు. ఆ దారి మనకుంది. నా విన్నపం ఇంతే: ఇక్కడి నుంచి ఒక రెసిడెంటును పంపితే, అక్కడి నుంచి ఒక పీజీని మన ఖర్చుతో పిలిపిద్దాం. మన ఇళ్ళలో గది ఇద్దాం. చూడటంతో సరిపెట్టకుండా సిమ్యులేషన్ ల్యాబుల్లో చేతులారా సాధన చేసే ఏర్పాటు అడుగుదాం. అక్కడ కత్తి ముందు స్థానిక విద్యార్థి చేతికే అందాలని మన పిల్లలకు చెబుదాం. ఈ సభకు వచ్చిన డాక్టర్లు తలచుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు. ఫారాలు, లెక్కలు, వెబ్‌సైటు లాంటి పనులు మా ఇంజనీర్లకు వదిలేయండి!