పూటకూళ్ళమ్మకు పేరు లేదా?



పరాయి ఊరు వెళ్ళినవాడికి పొద్దు వాలేసరికి రెండు చింతలు పట్టుకుంటాయి. ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ తినాలి. మొదటి చింతకు పూర్వం ఏ ఇంటి అరుగైనా జవాబు చెప్పేది. రెండవది అంత సులభంగా తీరేది కాదు. చేతిలో సొమ్ము తక్కువ. తిండి శుచిగా ఉండాలి, రుచిగా ఉండాలి, వీలైతే ఆ ఊరికే ప్రత్యేకమైన వంట అయి ఉండాలి. ఈ కోరిక ఈనాటి విహారయాత్రికులు కనిపెట్టినదని కొందరి అభిప్రాయం. మన సాహిత్యంలో దీనికి సుమారు ఆరువందల ఏళ్ళ సాక్ష్యం ఉన్నది.

ముందు మాట సంగతి చూద్దాం. పూట, కూడు అనే రెండు పదాలు కలిసిన సమాసమిది. గూడు గూళ్ళు అయినట్లే కూడు కూళ్ళు అవుతుంది. ఔపవిభక్తికంలో కూటి అవుతుంది. అందుకే పూటకూళ్ళ ఇల్లు అన్నా, పూటకూటి ఇల్లు అన్నా ఒకటే. పూటకు ఇంత అని వెల కట్టి అన్నం పెట్టే ఇల్లు. కూడు అనే మాట ప్రాచీన కవులకు గౌరవపదమే. కాలక్రమాన అన్నం, భోజనం అనే సంస్కృత పదాలు పీట మీద కూర్చుని, కూడును వాకిట్లోకి నెట్టాయి. ఇవాళ ఇంటికి వచ్చిన చుట్టాన్ని 'కూడు తింటారా?' అని అడిగితే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతాడు. పూటకూళ్ళు అనే మాటకు పట్టిన గతి ఇంకా హీనం. అది చివరకు ఒక తిట్టయి కూర్చుంది.

వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న క్రీడాభిరామాన్ని 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు వెలుగులోకి తెచ్చారు. అది శ్రీనాథుని రచనే అని వాదించినవారిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు. ఆ వివాదం ఇక్కడ మనకు అక్కర లేదు. కాకతీయుల నాటి ఓరుగల్లులో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఒక పగలంతా తిరుగుతూ చూసిన వింతలే ఆ కావ్యం. అందులో లక్ష్మణవజ్ఝల వారి పూటకూటి ఇల్లు వస్తుంది. ఒక్క రూకకు అక్కడ ఏమేమి వడ్డిస్తారో కవి నోరూరేటట్టు వరుసగా చెప్పాడు. కప్పురభోగి అనే సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, చివర గడ్డపెరుగు. ఒక భోజనశాల ధరల పట్టిక ఇంత నిక్కచ్చిగా మన కావ్యాలలో మరెక్కడా నా కంట పడలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) రాసినప్పుడు ఈ కావ్యాన్ని అంతగా వాడుకున్నారంటే కారణం ఇటువంటి వివరాలే.

అయితే అదే కావ్యంలో, దానికి దగ్గరలోనే, మరొక పద్యం ఉన్నది. జారులకూ జారిణులకూ రాయబారాలు నడుపుతూ మన్మథుడు రాత్రింబగళ్ళు పూటకూటి ఇంటనే కాపురముంటాడని దాని భావం. ఇది హాస్యమే, కాదనను. కాని అన్నం అమ్మే ఇంటి మీద అనుమానం అప్పటికే పుట్టిందని ఇది చెబుతున్నది. ఊరూ పేరూ తెలియని మగవాళ్ళు వస్తారు, తింటారు, పోతారు. అటువంటి ఇంటిని లోకం అంత తేలికగా మంచి ఇల్లు అనదు.

చేతిలో రూక ఉండి కూడా సుఖపడనివారు ఉంటారు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు అందుకు నిదర్శనం. పూతన చనుబాలు తాగాను, దావాగ్ని మింగాను అని మురిసిపోవద్దు, చింతచిగురు వేసి ఉడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపు, అప్పుడు నీ పస తెలుస్తుంది అని శ్రీకృష్ణుణ్ణే సవాలు చేశాడాయన. పద్యం అందంగానే ఉన్నది. కాని సన్నబియ్యానికి అలవాటుపడిన నాలుకతో జొన్నసీమకు వెళ్ళి, అక్కడివారు నిత్యం తిని బతికే తిండిని వెక్కిరించడం నాకెందుకో రుచించదు. చింతచిగురు బచ్చలి జొన్నన్నంలోకి ఎంత బాగుంటుందో తిన్నవారికి తెలుసు. కవిసార్వభౌముడు ఆకలి వేసేదాకా ఆగి ఉంటే మనకొక పద్యం తగ్గి ఉండేదేమో.

యాత్రికులందరికీ పూటకూళ్ళే గతి కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ నీళ్ళు మంచివో, ఎక్కడ దిగడానికి వసతి ఉన్నదో అడుగడుగునా రాసుకున్నారు. పరివారం ఉన్నవారు సరుకులు కొని వండించుకున్నారు. పేదవాడు ఇంటి నుంచి చద్దిమూట కట్టుకున్నాడు. పుణ్యక్షేత్రాలలో సత్రాలు ఉన్నాయి, వాటిలో చాలావాటి తలుపు కులం అడిగి తెరుచుకునేది. ఎటూ కాని మధ్యవాడు, అంటే కోర్టు పనికి వచ్చిన కక్షిదారు, బదిలీ మీద వచ్చిన గుమాస్తా, వారాలు దొరకని విద్యార్థి, వీరికే పూటకూళ్ళ ఇల్లు. పందొమ్మిదో శతాబ్దంలో జిల్లా కోర్టులు, ఉన్నత పాఠశాలలు, తరువాత రైలు వచ్చి ఈ మధ్యవాళ్ళ సంఖ్యను పెంచాయి. వారితోపాటు పూటకూళ్ళ ఇళ్ళూ పెరిగాయి.

ఆ ఇళ్ళలో పొయ్యి దగ్గర ఎవరున్నారు? ఎక్కువ చోట్ల వితంతువులైన బ్రాహ్మణ స్త్రీలు. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చేదాకా ఉమ్మడి కుటుంబంలో భర్త పోయిన స్త్రీకి దక్కేది మనోవర్తి మాత్రమే. అదీ బావమరుదుల దయ. 1956 నాటి వారసత్వ చట్టంతో గాని ఆమెకు సంపూర్ణమైన హక్కు రాలేదు. పునర్వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు అయింది. ఈ మధ్యకాలంలో చదువు లేని, ఆస్తి లేని ఆడది ఎవరి గుమ్మంలోనూ పడి ఉండకుండా బతకాలంటే ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. ఆ విద్యకు వెల కట్టింది. ఆ తెగువకు మనవాళ్ళిచ్చిన బిరుదు పూటకూళ్ళమ్మ.

గురజాడవారి కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో తిరగరాసిన ప్రతి వచ్చింది. గిరీశం విజయనగరంలో పూటకూళ్ళమ్మ పంచన తిని, ఆమె డబ్బు కాజేసి, వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతూ ఉంటాడు. ఆమె చీపురుకట్ట పుచ్చుకుని మధురవాణి ఇంటికి వస్తుంది. ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు. నేను పాఠశాల వార్షికోత్సవాలలో ఆ రంగం వేయించిన ప్రతిసారీ హాలంతా నవ్వింది. ఆ నాటకంలో బండివాడికీ, దుకాణదారుకీ కూడా పేరు లేకపోవచ్చు, వారు వచ్చి పోయేవారు. కథకు ఇంత కీలకమైన ఈ మనిషికి పేరు లేదు. వృత్తే ఆమె పేరు. గురజాడవారు ఇది తెలిసే చేశారని నా నమ్మకం. ఓరుగల్లులో ఇల్లు మగవాడి ఇంటిపేరుతో నిలిచింది. విజయనగరంలో ఇల్లు నడిపిన ఆడదాని పేరు మనకు తెలియదు.

పక్కనే మరొక చిత్రం చూడండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి దాటి వచ్చిన ఆకలిగొన్నవారందరికీ ఉచితంగా అన్నం పెట్టారు. ఆ తల్లి పేరు అక్కడి అక్విడక్టుకు ఉన్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టింది. ఎంతో సముచితం. ఉచితంగా పెట్టాలంటే వెనక పొలం ఉండాలి. పొలం లేనివారి చేతి అన్నం మాత్రం అన్నం కాకుండా పోయిందా అన్నదే నా ప్రశ్న.

ఈ కథలో మరొక చీకటి గది ఉన్నది, దాన్ని దాటిపోవడం న్యాయం కాదు. పూటకూళ్ళ ఇంట ఆకు అందరికీ వేయలేదు. అస్పృశ్యుడని ముద్రపడిన బాటసారి ఎక్కడ తిన్నాడని మన కావ్యాలను అడిగితే అవి పలకవు. తరువాత వచ్చిన కాఫీ హోటళ్ళలో చాలావాటికి బ్రాహ్మణ అనే విశేషణం బోర్డు మీదే ఉండేది. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీది ఆ మాటను తీయించడానికి 1957లో పెరియార్ అనుయాయులు నెలల తరబడి ఉద్యమం చేశారు. రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో హోటళ్ళను, భోజనశాలలను పేరు పెట్టి మరీ చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. ఆ తరువాత కూడా పల్లె టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఏళ్ళ తరబడి సాగింది.

ఉడిపివారి హోటళ్ళు ఒక మేలు చేశాయి, ఒక నష్టమూ చేశాయి. శుభ్రత, ధరల బోర్డు, బల్ల మీద భోజనం తెచ్చాయి. కాని శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఇడ్లీ సాంబారు ఒకే రుచికి వచ్చింది. బస్సు భోజనానికి ఆగే హోటళ్ళ సంగతి ఎత్తకపోవడమే మర్యాద. డ్రైవరుకు ఉచితంగా పెట్టిన భోజనం ఖరీదు మన విస్తట్లో తెలుస్తూ ఉంటుంది. ఊరి వంట మాత్రం సందుల్లోకి తప్పుకుని మెస్సు అనే కొత్త పేరు పెట్టుకుంది.

పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి 1986 వేసవిలో రాజమండ్రి వెళ్ళాను. ఇచ్చే దినభత్యంతో హోటలు భోజనం రెండు పూటలా సాగదు. స్థానికులైన ఉపాధ్యాయులు ఒక సందులోని ఇల్లు చూపించారు. బోర్డు లేదు. వసారాలో పన్నెండు పీటలు. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, ఊరుమిరపకాయలు, ఆ వారమే కలిపిన కొత్తావకాయ. వడ్డించే ఆవిడకు డెబ్బై ఏళ్ళు పైనే ఉంటాయి. పండితుణ్ణి కదా, వాగుడు ఆగదు. పూటకూళ్ళ ఇల్లు అంటే కావ్యాలలోనే చదివాను, ఇన్నాళ్ళకు చూశాను మామ్మగారూ అన్నాను. ఆవిడ పప్పు గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"మెస్సనండి మాస్టారూ. ఆ మాటతో మా అత్తగారిని అన్నారు, నన్నూ అన్నారు. మా అబ్బాయి బ్యాంకులో ఉన్నాడండి."

ఆ ఇంట మూడు వారాలు తిన్నాను. ఆవిడ పేరు నాకు తెలుసు. మనుమలు ఇష్టపడతారో లేదో తెలియదు గనుక ఇక్కడ రాయడం లేదు.

ఇప్పుడు కర్రీ పాయింట్లు వచ్చాయి. వీటిలో చాలావాటి వెనక ఒక గృహిణి, రెండు గిన్నెలు, ఒక గ్యాసు పొయ్యి. పరాయి ఊళ్ళో దిగగానే నేను లాడ్జి కుర్రవాణ్ణి అడిగేది పెద్ద హోటలు ఏదని కాదు, నువ్వు కూర ఎక్కడ తెచ్చుకుంటావని. నిరుడు ఖిలా వరంగల్లు తోరణాలు చూసి వస్తుంటే ఎండకు పట్టా కట్టిన బండి ఒకటి కనిపించింది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఉల్లిపాయ. బాలింతరాలు లాగా తలకు గుడ్డ చుట్టుకున్న నడివయసు మనిషి రొట్టెలు చేతితో తడుతూ "ఇంకోటి ఎయ్యమంటరా సారూ?" అని అడిగింది. వేయించుకున్నాను. బండి మీద ఎర్ర అక్షరాలతో ఆవిడ పేరు, దాని కింద 'టిఫిన్, రొట్టెలు' అని, ఆ కింద ఫోను నంబరు రాసి ఉన్నాయి.