థైమస్ కణితి, వాలిపోయే కనురెప్ప: 1901 నుంచి 2016 దాకా

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా వీధిలో ఒక పిన్నిగారు ఉన్నారు. పొద్దున బాగానే ఉండేవారు. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోయేవి, అన్నం నమలలేకపోయేవారు. "నిద్ర చాలక" అన్నాం అందరం. నేనూ అన్నాను. చివరికి తేలింది మయస్థీనియా గ్రావిస్ అని, ఛాతీ స్కాన్‌లో థైమస్ కణితి ఉందని. ఛాతీలోని కణితికీ కనురెప్పకీ సంబంధమేమిటి? బయాలజీ వదిలేసిన ఇంజినీరింగ్ వాడిని కాబట్టి మొదటినుంచీ చదివాను.

1672లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్, కాసేపు మాట్లాడితే మాట పడిపోయే ఒక స్త్రీ గురించి రాశాడు. 1895లో జర్మన్ వైద్యుడు జాలీ ఈ జబ్బుకు పేరు పెట్టాడు. 1901లో వీగర్ట్ ఇలాంటి రోగి శవపరీక్షలో థైమస్ కణితిని గుర్తించాడు. సంబంధం కనిపించింది, కారణం తెలియలేదు.

1934లో మేరీ వాకర్, లక్షణాలు క్యూరేర్ విషాన్ని పోలి ఉన్నాయని గమనించి దాని విరుగుడు ఫైసోస్టిగ్మిన్ ఇస్తే రోగికి కొన్ని గంటలు బలం వచ్చింది. 1936లో అమెరికాలో బ్లాలాక్ ఒక యువతికి థైమస్ కణితి తీసేస్తే ఆమె కోలుకుంది. అయినా ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

జవాబు మూడు మెట్లలో వచ్చింది. 1960లో సింప్సన్, ఇది శరీరం తన మీదే చేసే దాడి కావచ్చన్నాడు. 1961లో మిల్లర్, రోగనిరోధక శక్తికి థైమస్ కీలకమని చూపాడు. 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ ఎలక్ట్రిక్ ఈల్ చేప నుంచి తీసిన ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను కుందేళ్లకు ఎక్కిస్తే, వాటికీ కండరాలు చచ్చుబడ్డాయి.

అంటే ఇదీ సంగతి. నాడి పంపే ఎసిటైల్‌కోలిన్‌ను కండరం మీది గ్రాహకాలు అందుకోవాలి. టి-కణాలకు "మనవాళ్లు, పరాయివాళ్లు" అని శిక్షణ ఇచ్చేది థైమస్. కణితి వస్తే ఆ శిక్షణ చెడుతుంది. తప్పుడు టి-కణాల ప్రోద్బలంతో తయారైన ప్రతిదేహాలు ఆ గ్రాహకాలను దెబ్బతీస్తాయి.

గుర్తుంచుకోండి: ఈ రోగుల్లో కణితి ఉండేది సుమారు 10–15 శాతం మందికే. కణితి లేనివారికీ థైమస్ తీసేస్తే మేలని 126 మందిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఇంకో మాట, నటి సమంత 2022లో తనకుందని చెప్పిన మయోసైటిస్ వేరు. అక్కడ దాడి కండరం మీదే, ఇక్కడ నాడి–కండరం కూడలి మీద. ప్రిలిమ్స్‌లో పొరబడేది ఇక్కడే.

సాధన ప్రశ్న: "రెండు విషయాలు కలిసి కనిపించడం కారణానికి రుజువు కాదు, కానీ వెతకడానికి కారణం." మయస్థీనియా చరిత్ర ఆధారంగా చర్చించండి. రాసేటప్పుడు "నిద్ర చాలక" అన్న మాటనూ తలచుకోండి.