అడుగులు రాసుకున్న టీచరమ్మ

పొద్దు వాలింది. కోతలు అయిపోయిన మళ్లలో వరి దుబ్బులు మాత్రం మిగిలాయి. లేటే దీవిలోని ఆ పల్లెలో, ఆకుల కప్పు వేసిన ఒక ఇంటి ముందు, ఇద్దరు కుర్రాళ్లు రెండు పొడవాటి వెదురు గడలు తెచ్చి పక్కపక్కనే పరిచారు. రెండు కొసల కిందా అడ్డంగా చెరో చెక్క పెట్టారు. ఒకతను గిటారు తీగలు బిగిస్తున్నాడు. మనీలా నుంచి వచ్చినామె నోటుపుస్తకం తెరిచి పెన్సిలు చెక్కుకుంటోంది.

"మా ఆటలు చూద్దామని ఇంత దూరం వచ్చావా తల్లీ? ఇవి ముసలాళ్ల ఆటలు. బడికెళ్లే పిల్లలు వీటిని చూసి సిగ్గుపడతారు" అంది మెట్టు మీద కూర్చున్న పెద్దావిడ.

వచ్చినామె వాదించలేదు. పుస్తకం పక్కన పెట్టి, చెప్పులు విడిచి, ముందు తనకు నేర్పమని అడిగింది. పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. గడలు కదిలాయి. టక్... టక టక. టక్... టక టక.

ఈ సాయంత్రాన్నీ, పెద్దావిడ మాటలనూ నేను ఊహించి రాశాను. పెద్దల దగ్గర కూర్చుని ఆటలు నేర్చుకుని, వాటిని కాగితం మీద పెట్టిన ఆ టీచరమ్మ మాత్రం ఊహ కాదు. ఆమె పేరు ఫ్రాన్సిస్కా రేయెస్. తర్వాతి రోజుల్లో ఫ్రాన్సిస్కా రేయెస్ అకీనోగా ఫిలిప్పీన్స్ దేశమంతటికీ తెలిసిన మనిషి. ఆమె చదివించింది సంగీతమూ కాదు, సాహిత్యమూ కాదు. వ్యాయామ విద్య. మన బడుల్లో పీఈటీ అంటామే, ఆ కొలువు.

ఆమె 1899 మార్చి 9న మనీలాకు ఉత్తరాన ఉన్న బులకాన్ ప్రాంతంలో, బొకావె పట్టణానికి చెందిన లోలోంబోయ్‌లో పుట్టింది. ఆ సంవత్సరాన్ని కాస్త ఆగి చూడాలి. మూడు వందల ఏళ్లకు పైగా ఏలిన స్పెయిన్, 1898 డిసెంబరులో పారిస్ ఒప్పందం కింద రెండు కోట్ల డాలర్లు పుచ్చుకుని ఆ దీవులను అమెరికాకు అప్పగించింది. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. 1899 జనవరిలో అదే బులకాన్‌లోని మలోలోస్‌లో ఫిలిప్పీన్స్ తొలి గణతంత్రం కొలువు తీరింది. ఫిబ్రవరి 4న అమెరికా సైన్యంతో యుద్ధం మొదలైంది. ఆ తర్వాత నెలకు ఈ పిల్ల పుట్టింది. దేశం తనది అనుకున్న ఘడియలోనే చేజారిపోయిన కాలమది.

యుద్ధం ముగిసేలోగానే బడులు వచ్చాయి. 1901లో థామస్ అనే ఓడలో సుమారు 500 మంది అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు. ఇంగ్లిషు చదువు వచ్చింది, బేస్‌బాల్ వచ్చింది, బాస్కెట్‌బాల్ వచ్చింది. వ్యాయామ పీరియడ్‌లో నాట్యమంటే యూరప్, అమెరికా జానపదాలే. ఆ బడుల్లోనే చదివి, యూనివర్సిటీ ఆఫ్ ద ఫిలిప్పీన్స్‌లో వ్యాయామ విద్య బోధకురాలైన ఫ్రాన్సిస్కాకు ఒక వెలితి కనిపించింది. పరాయి దేశాల పల్లె నాట్యాలకు పుస్తకాలున్నాయి. తన సొంత ఊరి నాట్యానికి లేదు. ఉన్నదల్లా పెద్దవాళ్ల కాళ్లలో ఉంది. ఆ పెద్దవాళ్లు పోతే అదీ పోతుంది.

సెలవులు దొరికినప్పుడల్లా ఊళ్లు పట్టి తిరిగింది. 1926లో జానపద నృత్యాలు, ఆటల మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం సమర్పించింది. మరుసటి ఏడాది అది పుస్తకంగా వచ్చింది. తర్వాత అమెరికా వెళ్లి బోస్టన్‌లో వ్యాయామ విద్య చదువుకుని తిరిగొచ్చింది. పరాయి చదువు ఆమెను తన పల్లెల నుంచి దూరం చేయలేదు. నాట్యాన్ని కాగితం మీద పెట్టే క్రమశిక్షణ అక్కడ మరింత పదునెక్కి ఉంటుందని నా నమ్మకం.

1934లో గాలి మారింది. పదేళ్ల తర్వాత స్వాతంత్ర్యం ఇస్తామని అమెరికా చట్టం చేసిన సంవత్సరమది. ఆ ఏడే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన హోర్హే బొకోబో, జానపద గేయాలు, నృత్యాల కోసం ఒక కమిటీ వేశాడు. జెండా ఎగరేసే రోజు దగ్గర పడుతోంది, ఆ రోజు జనం పాడుకునేది, ఆడుకునేది తమదై ఉండాలన్న ఆలోచన ఆ కాలంలో బలంగా ఉంది. అడుగులు రాయడం ఫ్రాన్సిస్కా పని. బాణీలు రాయడం అదే బులకాన్‌కు చెందిన సంగీతకారుడు ఆంతోనీనో బుయెనవెంతురా పని. 7,000కు పైగా దీవులున్న దేశంలో, పడవల మీదా బస్సుల మీదా నడకనా ఆ బృందం 1938 దాకా తిరిగింది.

ఈ పని ఎంత కష్టమో నాట్యం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాటను వింటూ రాసుకోవచ్చు. అడుగు అలా కాదు, వేసీ వేయగానే మాయమవుతుంది. ఒకే ఆటను ఒక ఊళ్లో ఒకలా, పక్క ఊళ్లో ఇంకోలా ఆడతారు. మెల్లగా ఆడి చూపించమంటే చాలామంది పెద్దలకు కాలే కదలదు. వేగంలోనే వాళ్లకు జ్ఞాపకం. అందుకే రాసేవారికి ముందు తామే ఆడటం రావాలి.

ఆమె పుస్తకాలు తెరిస్తే ఆ శ్రమ కనిపిస్తుంది. ప్రతి నృత్యానికీ ముందు అది ఏ ఊరిది, ఎందుకు ఆడతారు అని చెబుతుంది. తర్వాత దుస్తులు, సంగీతం, లెక్క, నిలబడే వరస. ఆపైన ఏ లెక్కకు ఏ పాదం, ముఖం ఎటు, చెయ్యి ఎక్కడ. పల్లె జనం వాడే పేర్లనే తీసుకుని వాటిని దేశమంతటికీ పరిభాష చేసింది. మణికట్టు దగ్గర చేతిని గుండ్రంగా తిప్పడం కుమింతాంగ్. ఒక చెయ్యి నడుము ముందుకూ మరొకటి వెనక్కూ మడిచి పెట్టడం హయొన్-హయొన్. ఒక పాదాన్ని రెండోదాని ముందుకు వేసి, కొద్దిగా వంగి, చేతులు అడ్డంగా పెట్టడం సరోక్. ఈ మాటలు ఈనాటికీ అక్కడి డ్రిల్ టీచర్ల నోట వినిపిస్తాయి.

ఇక టినిక్లింగ్. ఆమె రాసిన నృత్యాల్లో ప్రపంచమంతా తిరిగింది ఇదే. విసయా దీవుల్లో, ముఖ్యంగా లేటేలో దీని వేరు ఉంది. టిక్లింగ్ అనేది మన చెరువు జమ్ములో తిరిగే నీటికోడి జాతికి చెందిన పిట్ట. పొడుగు కాళ్లు, పొడుగు మెడ. గడ్డి దుబ్బుల నడుమ ఆచితూచి అడుగేస్తుంది, ఉలిక్కిపడితే ఒక్క పరుగున జారిపోతుంది. చేలో దిగిన పిట్టను పట్టడానికి రైతులు వెదురు ఉచ్చులు పెట్టేవారనీ, వాటిని తప్పించుకునే పిట్ట నడకే ఈ ఆట అయిందనీ అక్కడి జనం చెప్పుకుంటారు.

చూడటానికి సులువు. సుమారు 9 అడుగుల గడలు రెండు, వాటి కింద రెండున్నర అడుగుల చెక్కలు రెండు. చెరో కొసనా ఒకరు కూర్చుని గడలు పట్టుకుంటారు. మూడు లెక్కల గతి. మొదటి లెక్కకు గడలు ఒకదానికొకటి తగులుతాయి. రెండు, మూడు లెక్కలకు విడిపోయి చెక్కల మీద తట్టుకుంటాయి. గడలు విడిపోయి ఉన్నంతసేపే పాదాలు లోపల. కలిసే లెక్కకు బయట ఉండాలి, లేదంటే చీలమండ దెబ్బ తింటుంది. మొదట మెల్లగా సాగుతుంది. పోనుపోను గిటారూ గడలూ వేగం పెంచుతాయి. ఆడేవాళ్లు మాత్రం నేల చూడకూడదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నవ్వుతూ ఆడాలి. పాదాలకు చెప్పులుండవు. మగవాళ్లు ప్యాంటు కాళ్లు పైకి మడుచుకుంటారు, పొలంలో దిగినట్టే. మన మిజోరం చెరావ్ నాట్యం చూసినవాళ్లకు వెదురు గడలు కొత్త కాదు. పిట్ట నడక మాత్రం లేటేదే.

ఈ నృత్యానికి ఇంకో కథ కూడా ప్రచారంలో ఉంది. స్పెయిన్ దొరల తోటల్లో పని సరిగా చేయని కూలీలను రెండు గడల మధ్య నిలబెట్టి కాళ్ల మీద కొట్టేవారట, తప్పించుకునే ఎగురుడే నాట్యమైందట. వినగానే గుండెకు తగిలే కథ. వలస పాలనలో క్రూరత్వానికి కొదవ లేదు కాబట్టి నమ్మబుద్ధి కూడా అవుతుంది. అయినా ఆ కథను నేను పక్కన పెడతాను. ఫ్రాన్సిస్కా నమోదు చేసింది పిట్టను. అడుగులోనూ ఉన్నది పిట్టే. శిక్ష నుంచి పుట్టిన కాలు అలా ఆగి, చూసి, తేలిగ్గా జారిపోదు.

స్పెయిన్ జాడ మరో చోట ఉంది, అది కాదనలేనిది. గిటారులో ఉంది, మూడు లెక్కల వాల్ట్జ్ గతిలో ఉంది. ఫాందాంగోను తీసుకుని పండాంగో చేసుకున్నారు. లుబాంగ్ దీవిలో దాన్ని తల మీద ఒక దీపం, రెండు అరచేతుల వెనక వైపున చెరో దీపం నిలబెట్టి ఆడతారు. స్పెయిన్ హోతా నాట్యంలోని చిడతలను వెదురుతో చేసుకున్నారు. వచ్చినదాన్ని కాదనకుండా తమ చేతికి అందే వస్తువుతో తమది చేసుకోవడం ఆ జనం తీరు. సురిగావ్ ప్రాంతపు ఇతిక్-ఇతిక్‌లో బాతుల నడక, బిన్యాన్ ఊరి మగ్లలాతిక్‌లో ఒంటి నిండా కట్టుకున్న కొబ్బరి చిప్పల చప్పుడు. మడి, కొలను, కొబ్బరి తోట. ఆ నృత్యాలు పుట్టిన చోట్లు ఇవే.

1941 డిసెంబరులో జపాన్ సైన్యం దిగింది. 1945లో మనీలా వీధి వీధినా నెల రోజుల యుద్ధం జరిగింది. సుమారు లక్ష మంది పౌరులు చనిపోయారు. గ్రంథాలయాలు బూడిదయ్యాయి. మరుసటి ఏడాది, 1946 జులై 4న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్సిస్కా పుస్తకం 'ఫిలిప్పీన్ నేషనల్ డాన్సెస్' అచ్చయింది. ఊళ్లు కాలిపోయి, పెద్దలు పోయి, జనం చెల్లాచెదురైన వేళ ఆ పుస్తకం విలువేమిటో వేరే చెప్పాలా? తర్వాత 'ఫిలిప్పీన్ ఫోక్ డాన్సెస్' పేరుతో ఆరు సంపుటాలు తెచ్చింది. ప్రభుత్వ విద్యాశాఖలో వ్యాయామ విద్య బాధ్యతలు తీసుకుని ఆ నృత్యాలను బడి బడికీ చేర్చింది. ముసలాళ్ల ఆటలు పిల్లల పాఠాలయ్యాయి.

1958లో బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో, మనీలాలోని ఫిలిప్పీన్ విమెన్స్ యూనివర్సిటీకి చెందిన బయానిహాన్ బృందం ఈ జానపద నృత్యాలు ఆడింది. మరుసటి ఏడాది న్యూయార్క్ బ్రాడ్వేలో. ఆ తర్వాత అమెరికా బడుల్లో వ్యాయామ పీరియడ్‌లో టినిక్లింగ్ నేర్పడం మొదలైంది. ఓడలో వచ్చిన అమెరికా టీచర్లు తమ ఆటలు నేర్పిన దేశం నుంచే, అదే పీరియడ్‌లోకి, ఒక పిట్ట నడక వెళ్లి చేరింది.

బయానిహాన్ వేదికకెక్కించిన మరో వెదురు నృత్యం సింగ్‌కిల్. మిందనావ్ దీవిలో లనావ్ సరస్సు చుట్టూ ఉండే మరనావ్ ముస్లింలది. అడ్డంగా నిలువుగా కొట్టుకునే గడల నడుమ రాకుమారి తొణక్కుండా నడుస్తుంది. భూకంపంలో కూలే అడవిలో నడిచిన గందింగన్ రాకుమారిగా వేదిక మీద ఆమెను చూపిస్తారు. ఆ కథకు ఆధారం వాళ్ల ఇతిహాసం దరంగెన్, 72,000 పంక్తులు. ఆ మరనావ్‌ల నోటనే మహారాదియా లవన కథ కూడా ఉంది. లవన అంటే మన రావణుడే. రామాయణం అంత దూరం నడిచి వెళ్లి, సరస్సు ఒడ్డున ఇంకో భాషలో స్థిరపడింది. వేదిక కోసం సింగ్‌కిల్‌ను మార్చారని మరనావ్ పండితుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఎవరి అడుగో వారి పేరుతో, వారు ఆడినట్టే రాయాలన్న ఫ్రాన్సిస్కా పద్ధతి ఎంత అవసరమో అక్కడ తెలుస్తుంది.

1962లో ఆమెకు ప్రభుత్వ సేవా విభాగంలో రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. అదే ఏడాది అదే పురస్కారం శాంతి, అంతర్జాతీయ అవగాహన విభాగంలో కలకత్తా నుంచి మదర్ థెరిసాకు అందింది. 1973లో ఫిలిప్పీన్స్ ఆమెను నృత్యంలో జాతీయ కళాకారిణిగా ప్రకటించింది. ఆ రంగంలో ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆమే. 1983 నవంబరు 21న కన్నుమూసింది.

మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్ చదువుకు దవావ్, మనీలా వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అటువంటి పిల్లలుంటే ఒక మాట చెప్పండి. అక్కడి పండగల్లో వెదురు గడలు కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి ఊరుకోవద్దని, వాళ్లతో కలిసి ఆ నాట్యం నేర్చుకోమని. మూడు లెక్కలే, వారంలో వస్తుంది. నేర్పినవాళ్లను వాళ్ల టీచరమ్మ ఫ్రాన్సిస్కా గురించి కూడా అడగమనండి.