ఇంజినీరింగ్‌కు ముందే కోడింగ్: ఎంపీసీ పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజమండ్రి, కాకినాడ, భీమవరం.. గోదావరి జిల్లాల్లో ఎక్కడ చూసినా ఎంపీసీ పిల్లల గురి కంప్యూటర్ సైన్స్ సీటు మీదే. అయితే ఆ సీటు ఇప్పించే ఏపీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు.. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కోడింగ్ మీద ఒక్క ప్రశ్న కూడా ఉండదు. దీంతో మంచి ర్యాంకు కొట్టినవాళ్లలోనూ చాలామంది తొలి ప్రోగ్రామ్ రాసేది బీటెక్ ఫస్టియర్‌లోనే.

కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ అంటే జవాబు కరెక్టుగా రావడం ఒక్కటే కాదు, టైమ్‌లోపు రావాలి. ఉదాహరణకు అంబాజీపేట మార్కెట్లో వరసగా 2 లక్షల కొబ్బరికాయల రాశులు ఉన్నాయనుకుందాం. 'ఈ రాశి నుంచి ఆ రాశి వరకు మొత్తం కాయలెన్ని?' అని 2 లక్షల సార్లు అడిగారు. అడిగిన ప్రతిసారీ మొదట్నుంచీ కూడుకుంటూ పోతే లెక్క 4,000 కోట్ల కూడికల దాకా వెళ్తుంది. కంప్యూటర్ సెకనుకు సుమారు 10 కోట్లు చేసినా 400 సెకన్లు కావాలి. పోటీల్లో ఇచ్చేది సాధారణంగా ఒకటి, రెండు సెకన్లే! అదే, ఏ రాశి దగ్గరికి ఎన్ని కాయలయ్యాయో ముందే ఒకసారి రాసి పెట్టుకుంటే.. ప్రతి ప్రశ్నకూ ఒక్క తీసివేత చాలు. దీన్నే ప్రిఫిక్స్ సమ్ అంటారు. ఇది అర్థం చేసుకోవడానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు, కాగితం చాలు.

హాస్టల్లో ఫోన్ కూడా ఉండదు కదా అంటారా? ఇండియన్ కంప్యూటింగ్ ఒలింపియాడ్ తొలి అంచెలోని జియో పరీక్షలో కోడ్ రాయక్కర్లేదు, లాజిక్‌తో లెక్క కడితే చాలు. పాత పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. ప్రింట్ తీసి ఇస్తే ఆదివారం కూర్చుని చేసుకోవచ్చు. కానీ ఒకటి.. ఈ ఒలింపియాడ్ స్కూలు, ఇంటర్ స్థాయి విద్యార్థులకే. బీటెక్‌లో చేరాక రాద్దామంటే కుదరదు. మన దగ్గర చాలామంది దీని పేరు వినేది అప్పుడే!

ఇంటర్‌లో తీరిక లేకపోతే, ఈఏపీసెట్ అయ్యాక క్లాసులు మొదలయ్యే వరకు దొరికే ఖాళీ ఉంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ పైథాన్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం, ఫోన్‌లోనే చూడొచ్చు. పోటీలు సీరియస్‌గా రాయాలంటే మాత్రం సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవడం మేలు, వేగం దానిదే. కోడ్‌చెఫ్, కోడ్‌ఫోర్సెస్‌లో ఖాతా ఉచితం. పోటీ ముగిశాక కూడా వదిలేసిన ప్రశ్నలను ప్రాక్టీస్‌లో మళ్లీ సబ్మిట్ చేయొచ్చు.